బోధన్ పెద్దల మాటలున్న పాత క్యాసెట్లు: ముందు ఏం చేయాలి?

షక్కర్‌నగర్_పిల్లగాడు:

అందరికీ నమస్తే. మాది బోధన్. తొంభైల్లో మా టీచర్ సార్ ఒకాయన సెలవు దొరికితే చాలు టేప్‌రికార్డర్ పట్టుకుని పెద్దవాళ్ళ ఇళ్ళకు పోయి వాళ్ళ ముచ్చట్లు రికార్డు చేసేవారు. సార్ ఇప్పుడు లేరు. వాళ్ళమ్మాయి ఇల్లు ఖాళీ చేస్తూ ఆ ట్రంకు పెట్టె నాకు అప్పజెప్పింది. అరవైకి పైన క్యాసెట్లున్నాయి, కొన్నింటి మీద పేరూ ఊరూ ఉన్నాయి, కొన్నింటి మీద ఏమీ లేదు.

మంచిగా ఉన్నవి రెండు మూడు విన్నాను. 1923 నుంచి 1931 దాకా నిజాంసాగర్ కట్టారు కదా, అప్పుడు తండ్రి వెంట పనికి పోయిన ఒకాయన మట్టి తట్టకు కూలి ఎంత ఇచ్చేవారో చెప్తున్నాడు. ఇంకో దాంట్లో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడి క్యాంపులో, అంటే కోస్తా రైతులు వచ్చి కట్టుకున్న ఊళ్ళో, స్థిరపడ్డ ఒకామె, ఇక్కడి నల్లరేగడిలో మొదటిసారి వరి నాటినప్పుడు ఊరి ఆడవాళ్ళు గట్టు మీద నిలబడి ఎట్లా చూశారో చెప్తుంది. ఆమె మాట మధ్యలో చక్కెర ఫ్యాక్టరీ సైరన్ మోగుతుంది. ఆమె ఆగిపోతుంది, సైరన్ అయ్యేదాకా ఎవరూ మాట్లాడరు, తర్వాత ‘షిఫ్టు మారింది, ఆయన వస్తాడు, అన్నం పెట్టాలె’ అని లేచిపోతుంది. టేపు అక్కడికే ఆగింది. ఫ్యాక్టరీ 2015లో మూతపడింది, ఆ సైరన్ ఎట్లుంటుందో మా ఇంట్లో చిన్నపిల్లలకు తెలియదు.

నా టెన్షన్ ఏందంటే, కొన్ని క్యాసెట్ల మీద తెల్లగా బూజు లాగా ఉంది. వాటిని ఆడించొచ్చా? ఫ్రెండ్స్ అయితే అన్నీ యూట్యూబ్‌లో పెట్టేయమంటున్నారు. కానీ కొందరు 1948 పోలీస్ యాక్షన్ (భారత సైన్యం నిజాం రాజ్యంలోకి వచ్చినప్పటి) రోజుల గురించి మాట్లాడారు, ఎవరిని ఎవరు దాచారు, ఎవరి పొలం ఎవరి చేతికి పోయింది, అంతా పేర్లతో సహా. ఆ కుటుంబాలు ఇప్పటికీ ఊర్లోనే ఉన్నాయి. ఏం చేయమంటారు?

స్టూడియో_పాతకాపు:

తమ్ముడూ, బూజు పట్టినవాటిని దయచేసి ఆడించకు. ఆ బూజు ప్లేయర్ హెడ్‌కి, అంటే టేపు తగిలి చదివే భాగానికి, అంటుకుని తర్వాత పెట్టిన మంచి క్యాసెట్‌కి కూడా పాకుతుంది. వాటిని వేరే డబ్బాలో పెట్టి మూత వెయ్యి, ముట్టుకునేటప్పుడు మాస్కు పెట్టుకో. వాటిని శుభ్రం చేయడం తెలిసినవాళ్ళకే వదిలెయ్యి.

మిగతావాటికి మొట్టమొదట చేయాల్సిన పని, క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పళ్ళు విరిచెయ్యడం. అవి ఉన్నంతకాలం ఎవరో ఒకరు పొరపాటున రికార్డు బటన్ నొక్కితే ఆ పెద్దాయన గొంతు శాశ్వతంగా పోతుంది. తర్వాత ప్రతి క్యాసెట్‌నీ ఒకసారి చివరిదాకా ముందుకీ వెనక్కీ తిప్పు. ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న టేపు పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, ఉన్నట్టుండి ప్లే నొక్కితే లాగేస్తుంది. తొంభై నిమిషాల టేపు అరవై నిమిషాల దానికంటే పలచన, దాంతో ఇంకా జాగ్రత్త. టేపు వెనక చిన్న ఫెల్ట్ ముక్క ఉంటుంది, అది ఊడిపోతే మాట దూరం నుంచి వస్తున్నట్టు మసకగా వినిపిస్తుంది. కంగారు పడకు, టేపు బాగానే ఉంటుంది, స్క్రూలున్న ఇంకో క్యాసెట్ డొల్లలోకి రీళ్ళు మార్చుకుంటే సరిపోతుంది.

ఆన్‌లైన్‌లో దొరికే చవక యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్లు వద్దు, వాటిలో వేగం నిలకడగా ఉండదు, మనిషి గొంతు మారిపోతుంది. ఎవరింట్లోనైనా మంచి పాత క్యాసెట్ డెక్ (స్టీరియో సెట్‌కి కలిపే ప్లేయర్) ఉంటే బెల్టులు మార్పించి, హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే చిన్న పెట్టె) ద్వారా కంప్యూటర్‌కి కలుపు. రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ ఉచితమే. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, డబ్ల్యూఏవీ (శబ్దాన్ని కుదించకుండా దాచే) ఫైలుగా తీసుకో. స్టీరియోలో గంటకి దాదాపు ఒక జీబీ పడుతుంది, అంటే నీ దగ్గరున్నదంతా ఒక మామూలు హార్డ్‌డిస్క్‌లో మూలకి పట్టేస్తుంది. ఇక టైమ్ మాత్రం తప్పదు, గంట టేపు ఎక్కాలంటే గంట పడుతుంది, పక్కన కూర్చుని వినాలి.

ఇంకోమాట. మొదటి కాపీలో నాయిస్ తగ్గించే ఫిల్టర్లు ఏవీ వాడకు. నువ్వు నాయిస్ అనుకునేదాంట్లోనే ఆ సైరన్ ఉంది. శుభ్రం చేసిన ఎంపీ3 కావాలంటే విడిగా చేసుకో. అసలు ఫైలు మాత్రం రెండు డిస్కుల్లో, ఇంకోటి వేరే ఊళ్ళో ఉన్న ఎవరి దగ్గరైనా పెట్టు. క్యాసెట్లు పారెయ్యకు.

గ్రంథాలయం_మనిషి:

పై ఆయన సాంకేతికంగా చెప్పిందంతా సరైనదే. నా బెంగ వేరే. ఫైళ్ళన్నీ చక్కగా తయారయ్యాక కూడా ‘ట్రాక్ 14’ అని ఉంటే దాన్ని ఎవరూ వినరు. మాట్లాడిందెవరు, ఏ ఊరు, ఏ క్యాంపు, ఏం పంట వేసేవారు, రికార్డు చేసింది ఎప్పుడు, ఏ నిమిషంలో ఏ సంగతి వస్తుంది, ఇవి రాసి ఉంటేనే అది రేపు ఒకరికి పనికొస్తుంది. మీకు పక్కనే ఉన్న మహారాష్ట్రలో తిరగలి విసురుతూ ఆడవాళ్ళు పాడిన పాటలను హేమా రాయిర్కర్, గీ ప్వాత్‌వాఁ బృందం ఏళ్ళ తరబడి సేకరించింది. లక్షకు పైగా పాటలు. ఇప్పుడవి పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా వెబ్‌సైట్‌లో ఉన్నాయి. పాటతో పాటు పాడినామె పేరు, ఊరు రాసిపెట్టారు కాబట్టే తర్వాతివాళ్ళు మళ్ళీ ఆ ఊళ్ళకు వెళ్ళి ఆ గాయకులనో వాళ్ళ పిల్లలనో కలవగలిగారు.

పేరు లేని క్యాసెట్లను గుర్తుపట్టగలిగే చెవులు ఇంకొన్నేళ్ళే ఉంటాయి. అందుకే నేనైతే అన్నీ డిజిటల్ అయ్యేదాకా ఆగను. ఒక్కోదాంట్లో రెండు నిమిషాలు ఫోన్‌లోకి ఎక్కించుకుని షక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ పాత క్వార్టర్ల వాళ్ళకి, క్యాంపుల్లో ఎనభై దాటినవాళ్ళకి ఈ నెలలోనే వినిపించండి.

యూట్యూబ్ సంగతి. సార్ రికార్డు చేసినప్పుడు వాళ్ళు సార్‌తో మాట్లాడారు, ప్రపంచంతో కాదు. తెలిసిన మనిషి, ఇంటికొచ్చాడు, చాయ్ తాగాడు, నమ్మి చెప్పారు. ఆ నమ్మకం ఇప్పుడు మీ చేతికొచ్చింది. అందుకని ప్రతి గొంతుకీ ఇంటివాళ్ళను కలిసి, మొత్తం వినిపించి, సరేనంటే కాగితం మీద తెలుగులో నాలుగు లైన్లు రాయించి సంతకం తీసుకోండి. ‘అందరూ వినొచ్చు’, ‘ఊళ్ళో మాత్రమే వినొచ్చు’, ‘ఇప్పుడు వద్దు’ అని మూడు దారులివ్వండి. పోలీస్ యాక్షన్ టేపులు నా లెక్కలో మూడోదాంట్లోకి వస్తాయి. చెరపొద్దు, కత్తిరించొద్దు, మూసి ఉంచండి. ఒకసారి నెట్‌లోకి పోతే ఎన్ని కాపీలైనా అవుతాయి, మళ్ళీ వెనక్కి తీసుకునే వీలుండదు. బయట పెట్టగలిగినవాటికి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మేలు, ఖాతా ఉచితం, అసలు డబ్ల్యూఏవీ ఫైలునే దాచుకుంటుంది.

మంజీర_ఒడ్డు:

అన్నా, నేను పుట్టింది షక్కర్‌నగర్ క్వార్టర్స్‌లో, ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నాను. సైరన్ గురించి చదివి చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. మా నాన్న బాయిలర్ హౌస్‌లో చేశారు.

రాతలో పెట్టే పని నాకివ్వు. ఒక్కటే షరతు, మాట మాటలాగే రాస్తాను. మన దగ్గర ఒకే మనిషి నోట్లో తెలంగాణ తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ ఉంటాయి, క్యాంపులో పుట్టినోళ్ళు ఇంట్లో కోస్తా యాస, బజార్లో ఇక్కడి యాస మాట్లాడతారు. ఎవరైనా దాన్ని పుస్తకాల తెలుగులోకి దిద్దితే ఆ మనిషి కనబడడు. సాఫ్ట్‌వేర్‌తో రాయించి చూశాను, టీవీ వార్తలైతే బాగానే రాస్తుంది గానీ మా నానమ్మ మాటల్ని ఊరి పేర్లతో సహా ఖరాబు చేసింది. మొదటి చిత్తుకి వాడుకోవచ్చు, తర్వాత మనిషి కూర్చోవాల్సిందే.

క్యాంపు ఆమె టేపు రెండు నిమిషాలు పంపు, మా అమ్మకి వినిపిస్తాను. ఆమెకి ఆ కాలంలో క్వార్టర్స్‌కి పాలు పోసినవాళ్ళ గొంతులు కూడా గుర్తే.

షక్కర్‌నగర్_పిల్లగాడు:

అందరికీ చాలా థాంక్స్. పళ్ళు విరిచేశాను, బూజు పట్టినవి వేరే పెట్టాను. నిజామాబాద్‌లో ఒక మెకానిక్ దగ్గర పాత డెక్ ఉందట, ఆదివారం పోయి చూస్తాను. అక్కా, ఆ టేపు ముక్క వాట్సాప్‌లో పంపొచ్చా? అట్లనే ఫైళ్ళకు పేర్లు తెలుగులో పెట్టాలా, ఇంగ్లిష్‌లోనా?

స్టూడియో_పాతకాపు:

గుర్తుపట్టడానికైతే వాట్సాప్ చాలు. కానీ ఆడియోగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపు, ఉన్నదున్నట్టు పోతుంది. ఫైలు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, క్యాసెట్ నంబరు, సైడు, అంతే. మనిషి పేరు ఫైలు మీద వద్దు, అది ఎక్సెల్ షీట్‌లో తెలుగులో ఉండనీ. అదే నంబరు క్యాసెట్ డబ్బా మీద కూడా పెన్సిల్‌తో రాయి. ఆదివారం డెక్ చూసేటప్పుడు నీకు బాగా తెలిసిన పాట క్యాసెట్ ఒకటి తీసుకుపో, వేగం సరిగా ఉందో లేదో చెవికి వెంటనే తెలుస్తుంది.