అప్‌డేట్: తొడ నెయిల్ కింది లాకింగ్ కుదిరింది

పోయిన వారం విజయనగరం నుంచి అడిగింది ఇదీ: తొడ ఎముక నడిమి విరుపుకి 10 మి.మీ. నెయిల్ (ఎముక బోలులోకి దించే లోహపు కడ్డీ) దిగాక, కింది లాకింగ్‌లో (దాని కింది రంధ్రాల గుండా ఎముకకి బోల్టులు వేయడంలో) డ్రిల్ పదేపదే పక్కకి జారుతోంది, ఎందుకు?

తప్పు చేతిది కాదు, సీ-ఆర్మ్ (ఆపరేషన్‌లో వాడే కదిలే ఎక్స్‌రే యంత్రం) కోణానిది. తెరమీద నెయిల్ రంధ్రం కోడిగుడ్డులా ఉండగానే డ్రిల్ పెట్టేస్తున్నాం. నిండు సున్నాలా కనబడేదాకా ఆగాలి. రంధ్రం నెయిల్ పొడవు దిశలో నొక్కుకుపోతే సీ-ఆర్మ్‌ని కాలి పొడవునా వంచాలి; అడ్డంగా నొక్కుకుపోతే కాలి చుట్టూ తిప్పాలి. 4 మి.మీ. డ్రిల్ బిట్ మొనని ఏటవాలుగా సున్నా నడిమధ్య ఆనించి, అప్పుడే ఎక్స్‌రే కిరణం దారిలోకి నిలబెట్టాలి. ఎముక మొదటి గోడ దాటగానే బిట్ నుంచి డ్రిల్ మెషీన్ ఊడదీసి ఒక ఎక్స్‌రే ఫొటో: బిట్ నల్లచుక్క సున్నాలో ఉంటేనే ముందుకి. 4.9 మి.మీ. బోల్టు గట్టిగా పట్టింది.

విరుపు దగ్గర సందు కూడా పోయింది. కింది బోల్టులు ముందు వేసి, నెయిల్‌ని వెనక్కి నెమ్మదిగా కొట్టి సందు మూశాక పైబోల్టు. వరస తిరగేస్తే ఆ వీలు ఉండదు.

పాదం తిరుగుడు (విరిగిన ఎముక మెలిపడిందా అన్నది) మాత్రం కళ్లతో అంచనా కట్టొద్దు. మోకాలిచిప్ప నిటారుగా పెట్టి, చిన్న ట్రోకాంటర్ (తొడ ఎముక పైభాగంలో లోపలివైపు బొడిపె) ఎక్స్‌రే నీడని రెండోకాలితో పోల్చాలి. రోగిని టేబుల్ దించేలోపే తుంటి మెడ (తొడ ఎముక తల కింది సన్నటి భాగం) ఎక్స్‌రే; సన్నచీలిక అక్కడ దాక్కుంటుంది.