పొట్టునూరా, బొట్టునూరా?

కోటజంక్షన్: రాత్రి మా పాపకి కృష్ణరాయల కొడుకు తిరుమలరాయల కథ చెబుతున్నాను. ఆరేళ్ళ కొడుక్కి 1524లో పట్టం కట్టి రాయలు తాను మంత్రిగా కూర్చోవడం, ఎనిమిది నెలల్లో పిల్లాడు పోవడం, విషం పెట్టింది మంత్రి తిమ్మరుసు కొడుకని పుకారు. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిందే లెండి. మధ్యలో మా తాత చదివే ముక్క అడ్డొచ్చింది: 'బొట్టునూరికడ నిల్పిన కంబము'. ముందూ వెనకా గుర్తు రావట్లేదు. అది ఆ పసివాడి మీద పద్యమేనా?

తోటపాలెం మాస్టారు: కాదు. 'అభిరతిఁ గృష్ణరాయఁడు' అని మొదలు. పెద్దన, మనుచరిత్ర. కళింగ విజయం మీద. రాయలు తన జయాలు రాయించి 'తాళసన్నిభముగన్' నిల్పిన కంబాన్ని, తిరునాళ్ళకి దిగిన దేవతలు కాటుక 'పెట్టి' 'నిచ్చలున్', అంటే రోజూ, 'పఠించు'తారని. అయినా బొట్టునూరేమిటి? మన పద్మనాభం దగ్గర పొట్నూరు.

ఆమదాలవలస: మాకు 'బొ' అనే నేర్పారు మాస్టారూ.

తోటపాలెం మాస్టారు: నోటికి బొ యే రావాలి. 'సన్నిభముగన్' ద్రుతాంతం, అంటే చివర నకారం ఉంది, అందుకని పకారం బకారమైంది. ఊరు పేరు మాత్రం మారలేదు.

గంటస్తంభం: సరళాదేశం సరే, 'తాళసన్నిభముగ' సంగతి చూడండి. అందరూ తాటిచెట్టంత ఎత్తు అనేస్తారు. నేను తాటాకు అంటాను. గంటంతో గీసిన ఆకుకి మసి పూస్తేనే కదా అక్షరం కనబడేది! సింహాద్రి అప్పన్న తిరునాళ్ళకి దిగిన దేవతలు కళింగరాజు అపకీర్తి అనే కాటుక పూసి చదువుతున్నారు. చెట్టుకి కాటుకెందుకు?

ఆమదాలవలస: కంబం ఆకులా పల్చగా ఉంటుందా? చెట్టే. పైనుంచి దిగేవాళ్ళకి అందాలిగా.

గంటస్తంభం: రెండూ అనుకుంటే పోలా? పెద్దన ఒక్క అర్థంతో ఊరుకునే మనిషా!

తోటపాలెం మాస్టారు: నాకు ఎప్పుడూ గుచ్చుకునేది 'నిచ్చలున్'. తిరునాళ్ళకి దిగినవాళ్ళు రోజూ ఎలా చదువుతారు?

కోటజంక్షన్: మాస్టారూ, మా పాప మళ్ళీ అడుగుతోంది. విషం అప్పాజీయే, అదే తిమ్మరుసే, పెట్టించాడా?

గంటస్తంభం: నూనిజ్ వేలు చూపింది కొడుకు మీద. కళ్ళు మాత్రం తండ్రికీ పోయాయి. పిల్లాడి తల్లి తిరుమలదేవి 1516లో రాయలతో సింహాచలం వచ్చి నగలు సమర్పించింది, శాసనం ఉంది.

ఆమదాలవలస: కళింగమేలిన గజపతుల ఇంట మాత్రం? 1540లో ప్రతాపరుద్రుడు పోయాక కొడుకులిద్దర్నీ మంత్రి గోవింద విద్యాధరుడే చంపించాడు. ఆ కాటుక ఎవరికి పూయాలో!

తోటపాలెం మాస్టారు: అవన్నీ తర్వాత. 'నిచ్చలున్' అన్వయం 'పఠించు'కా, 'పెట్టి'కా? ముందు అది తేల్చండి.