సంజ్ఞానాత్మకం అంటే సైగల శాస్త్రమా?

మా అమ్మాయి డీఎస్సీకి చదువుతోంది. పుస్తకంలో "సంజ్ఞానాత్మక మనోవిజ్ఞాన శాస్త్రం" అని కనబడితే "సంజ్ఞ అంటే సైగ కదా నాన్నా, ఇది సైగల శాస్త్రమా?" అంది. నాకు జవాబు తోచలేదు. తెలిసినవాళ్లు కాస్త విడమరచి చెప్పగలరా?

—

అనుమానం సబబైనదేనండీ. దీన్ని సంజ్ఞ దగ్గర కాదు, సం + జ్ఞానం అని విరవాలి. ఇది ఇంగ్లీషు 'కాగ్నిషన్'కి తెలుగు చేసిన మాట, అదేమో లాటిన్ నుంచి వచ్చింది. అందులోని 'గ్నో', మన 'జ్ఞా' ఒకే మూలం నుంచి వచ్చిన ధాతువులు. ముందున్న 'కో'కి బదులు 'సం' తగిలించారు. లెక్క సరిపోయింది గానీ, మన వాడుకలో సంజ్ఞ ఏనాడో సైగకి అంటుకుపోయింది.

శాస్త్రం సంగతంటారా, చూసింది, విన్నది మనసు ఎలా పట్టుకుంటుంది, ఎలా దాచుకుంటుంది, అవసరానికి ఎలా బయటికి తీస్తుంది, దాంతో ఎలా ఆలోచిస్తుంది అన్నదే. అమెరికాలో ప్రవర్తనావాదులు పైకి కనబడే ప్రవర్తననే పట్టించుకున్న రోజుల తర్వాత ఇది బలపడింది. 1967లో ఉల్రిక్ నైసర్ అనే మనస్తత్వవేత్త ఇంగ్లీషులో ఇదే పేరుతో, 'కాగ్నిటివ్ సైకాలజీ' అని, పుస్తకం రాశాక పేరు స్థిరపడింది.

అమ్మాయికి ఇదంతా చెప్పే బదులు నీలం పెన్నుతో 'ఎరుపు' అని రాసి చూపించండి. మాట చదవొద్దు, సిరా రంగు చెప్పమనండి. 1935లో స్ట్రూప్ అనే మనస్తత్వవేత్త చేసిన ప్రయోగం ఇలాంటిదే. చదవడం ఎంత అలవాటైపోయిందంటే, వద్దనుకున్నా జరిగిపోతుంది.

—

ఇంత తంటా ఎందుకు, 'ఎరుక' అంటే పోలా?

—

నాకూ ఇష్టమైన మాటే. కానీ "ఎరుక చెబుతానమ్మా" అన్న కేక విన్న చెవులకి అది సోదే. అసలే సైకాలజీ చదివానంటే "అయితే నా మనసులో ఏముందో చెప్పు" అంటారు జనం!

ఈ పుస్తకాల్లో నాకు నచ్చిన మాట వేరే ఉంది. అటెన్షన్‌ని 'అవధానం' అన్నారు. అష్టావధానంలో ఒకరు ఫలానా అక్షరం వాడొద్దంటూ నిషిద్ధాక్షరితో అడ్డుపడుతుంటే, ఇంకొకరు అప్రస్తుత ప్రసంగంతో లాగుతుంటే, గంట ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టుకుంటూ పద్యం నడిపించే మనిషిని చూసినవాళ్లకి ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. పరీక్షలో మాత్రం సంజ్ఞానాత్మకమే రాయమనండి, మార్కులు దానికే.

—

నీలం పెన్నుతో రాసి చూపించానండీ. "ఎరు..." అని ఆగి, నాలుక కరుచుకుని "నీలం" అంది. ఇప్పుడు వాళ్లమ్మ మీద ప్రయోగిస్తోంది.