నమ్మకం మార్చుకుంటే జన్యువులు మారతాయా?

తార్నాక మూర్తి: ఆదివారం కూకట్‌పల్లిలో ఒక శిబిరానికి వెళ్లాను. పరిసరాలను, నమ్మకాలను బట్టి జన్యువులు పనిచేస్తాయని, ఆలోచన మార్చుకుంటే షుగరు కూడా దారికి వస్తుందని చెప్పారు. కొట్టిపారేయకండి. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చినప్పుడు కడుపులో ఉన్నవారికి 60 ఏళ్ల తర్వాత కూడా ఒక జన్యువు మీద ఆ గుర్తు కనిపించింది.

వనజ: మూర్తి గారూ, కడుపులోని బిడ్డ ఏం నమ్మిందండీ? తల్లికి తిండి లేదు, అంతే. ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 జన్యువు మీద మిథైల్ అనే రసాయన గుర్తులు తగ్గాయని 2008లో తేలింది. డీఎన్‌ఏ అక్షరాలు అవే, వాటిని శరీరం ఎంత వాడుకుంటుందన్నదే మారుతుంది. పొగతాగేవారి రక్తంలోనూ ఇలాంటి గుర్తులు మారతాయి. మానేస్తే కొన్నేళ్లలో చాలావరకు సర్దుకుంటాయి. మానేశాననుకుంటే సర్దుకోవు.

సైదులు: ఇంతకీ జన్యువు మారిందనాలా, దాని పని మారిందనాలా? ముందు అది తేల్చండి.

ఉప్పల్ బాబాయ్: హబ్సిగూడలో కణాలు, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉంది. వెళ్లి అడగండి.

తార్నాక మూర్తి: మాట పట్టుకుని వేలాడకండి. తల్లి ఎలుక బాగా నాకి సాకిన పిల్లలు పెద్దయ్యాక ఒత్తిడికి తక్కువ బెదిరాయని కెనడా శాస్త్రవేత్తలు 2004లో రాశారు. ప్రేమ జన్యువు దాకా వెళ్లినట్టే కదా?

ఉప్పల్ బాబాయ్: అవి చిట్టెలుకలు కదూ?

వనజ: కాదు, ఎలుకలే. చిట్టెలుకలది 2003 నాటి ప్రయోగం. తల్లి మేతలో ఫోలిక్ యాసిడ్, బీ12 వంటివి కలిపితే పసుపు రంగు తగ్గి గోధుమ రంగు పిల్లలు ఎక్కువ పుట్టాయి. ఒకచోట నాకడం, ఒకచోట మేత. నమ్మకం ఎక్కడుంది?

సైదులు: నా ప్రశ్నకు జవాబు రాలేదు.

తార్నాక మూర్తి: పన్ను తీయించుకున్నవారికి మందు లేని సూది వేసినా నొప్పి తగ్గలేదా?

వనజ: కొందరికి తగ్గింది, 1978లో. మార్ఫిన్ లాంటి నొప్పిమందుల పనిని అడ్డుకునే నాలోక్సోన్ ఇస్తే ఆ ఉపశమనం పోయింది. అంటే ఒంట్లో ఊరే నొప్పిమందే పనిచేసింది. పన్ను మాత్రం మొలవలేదు. అది సరే, మీరు షుగరు మాత్రలు మానేశారా?

తార్నాక మూర్తి: 20 రోజులైంది. పరగడుపున షుగరు 182. అయినా హాయిగా ఉంది. మీలాంటివారికి అన్నిటికీ పరీక్ష కాగితం కావాలి.

వనజ: నాకు కాగితాలు తెలుసు. మా అక్కకు రొమ్ము క్యాన్సర్. దిగులు పడతావు కాబట్టే వచ్చిందన్నారు చుట్టాలు. "నేను ఆరోగ్యంగా ఉన్నాను" అని రాసి బీరువా అద్దానికి అంటించుకుంది. "నేను సరిగ్గా నమ్మలేదంటావా?" అని పోయే ముందు నన్నడిగింది. ఆ కాగితాన్ని గోటితో గీకి తీసింది నేనే. జన్యువుల సంగతి పక్కన పెట్టండి, రోగం రోగి తప్పేనంటే నేను ఒప్పుకోను.

తార్నాక మూర్తి: ఆ ఉద్దేశంతో అనలేదమ్మా. ఆరేళ్లుగా నేను వెళ్లే ఆసుపత్రిలో డాక్టరు కంప్యూటర్ వైపు చూస్తూనే మాత్రలు రాస్తారు. మా ఆవిడ పోయాక రాత్రి నిద్ర పడుతోందా అని నన్నడిగిన మొదటి మనిషి ఆ శిబిరంలోనే కనిపించారు.

వనజ: అది డాక్టరు అడగాల్సిన మాట. అడగకపోవడం తప్పే. అయినా మాత్రల సంగతి రేపే వారితో మాట్లాడండి. నిద్ర పడుతోందా?

తార్నాక మూర్తి: మూడింటికల్లా మెలకువ వస్తోంది. రేపు వెళ్తాను. శిబిరం మాత్రం మానను, వచ్చే ఆదివారానికీ డబ్బు కట్టేశాను.