హైలక్స్ క్లచ్‌ల ఎయిర్ పోతలేదు, రెండు డబ్బాల ఆయిల్ ఒడిసింది

ఎడారి డ్రైవర్:
అన్నలకు నమస్తే. మాది జగిత్యాల పక్కన పల్లె, మస్కట్‌ల ఉంట. నా కాడ 1998 టయోటా హైలక్స్ పికప్ ఉన్నది, మేస్త్రీల సామాన్లు మోస్త. పోయిన వారం స్లేవ్ సిలిండర్ (కింద ఆయిల్ ఒత్తిడితోని క్లచ్‌ను నెట్టేది) కాడ కారుడు షురువైంది. రబ్బరు బూటు పీకి చూస్తే లోపల నల్లటి ఆయిల్. బండి వయసుకు అది మామూలే. కొత్తది నేనే ఏసిన, రెండు బోల్టులే గదా. ఆయిల్ పైపుల చిక్కిన ఎయిర్ తీసుడే తలకాయ నొప్పైంది. దోస్తు పెడల్ తొక్కి పట్టుకుంటడు, నేను కింద పండి నిపుల్ (గాలి బయటికి ఇడిసే చిన్న మర) ఇప్పుత, బంద్ చేస్త, అప్పుడు వాడు ఇడుస్తడు. డాట్ 3 (బ్రేకు, క్లచ్‌లకు పోసే ఆయిల్) రెండు డబ్బాలు అయిపోయినయి, పెడల్ ఇంకా మెత్తగనే ఉన్నది, రివర్స్ ఏస్తే గర్రుమంటది. ఇంకోటి, పెడల్ ముట్టకుండ నిపుల్ ఇప్పి ఇడిస్తే ఒక్క చుక్క రాలే. పైన బండిల ఉండే డబ్బా నిండ ఆయిలే.

టెక్సస్ గోదారోడు:
టపటపా తొక్కితే గాలి నురగైపోతుందండి, ఇక బయటకి రాదు. నేనైతే కింద నుంచే పంపుతాను. సిరంజికి పైపు తగిలించి నిపుల్‌లోంచి నెమ్మదిగా ఆయిల్ ఎక్కించడమే. గాలి ఎటూ పైకే పోతుంది కదా. పైన డబ్బాలో సగం ముందే తీసేయండి, పొంగుతుంది. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లు పోయండి, లేకపోతే రంగు లేచిపోతుంది.

ఆటోనగర్ పాతకాపు, విజయవాడ:
సిరంజి తర్వాత. తమ్ముడూ, నువ్వు చివర్లో చెప్పిన ముక్కే అసలు సంగతి. పెడల్ వదిలేసినప్పుడు మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే ఆయిల్‌ని కిందికి నెట్టేది) పిస్టన్ పూర్తిగా వెనక్కి రావాలి. అప్పుడే డబ్బా నుంచి ఆయిల్ దిగే చిన్న కన్నం తెరుచుకుంటుంది. చుక్క దిగలేదంటే ఆ కన్నం మూసుకుంది. చెత్తయినా పట్టి ఉండాలి, పెడల్‌కీ పిస్టన్‌కీ మధ్య ఉండే పుష్‌రాడ్ పొడుగై పిస్టన్‌ని నొక్కి పట్టైనా ఉండాలి. పెడల్ ఎత్తు ఈమధ్య ఏమైనా మార్చావా?

ఎడారి డ్రైవర్:
దొరికిపోయిన అన్నా. రంజాన్‌ల పెడల్ కిందికి జారుతుందని రాడ్ నేనే పొడుగు చేసిన. అప్పటికే సీల్ కారుతుండె, నాకు ఎరుకలే.

ఆటోనగర్ పాతకాపు:
అదే. మాకూ రోజూ ఇలాంటి బళ్లు వస్తాయి. లాక్‌నట్ వదులు చేసి, పెడల్‌ని వేలితో నొక్కితే రాడ్ పిస్టన్‌కి తగిలేలోపు కొంచెం ఆట ఉండేదాకా వెనక్కి తిప్పు. ఆట లేకపోతే క్లచ్ ప్లేటు కూడా జారి మాడిపోతుంది.

ఎడారి డ్రైవర్:
రెండు చుట్లు ఎనుకకు తిప్పిన. నిపుల్ ఇప్పంగనే చుక్కలు పడ్డయి! పావుగంట అట్లనే ఇడిసిన, పైన డబ్బా ఒడవకుండ పోసుకుంట. బుడగలు ఆగినంక మెల్లగ పది సార్లు తొక్కిపిచ్చిన. ఇప్పుడు రివర్స్ చప్పుడు లేకుండ పడుతుంది. రెండు డబ్బాల పైసలు దోస్తు ఇంకా యాది చేస్తుండు. అన్నా, మూడో డబ్బాల సగం మిగిలింది, ఏడాదికి పనికొస్తదా?

ఆటోనగర్ పాతకాపు:
సీలు తీసిన డబ్బా తేమ పీలుస్తుంది తమ్ముడూ, నువ్వున్నది సముద్రం ఒడ్డున. దాచకు.