కానూరులో ఇంటి పని: కాంట్రాక్టరు నమ్మదగినవాడో కాదో అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోవడం ఎలా?

తూర్పు గుమ్మం:
విజయవాడ పక్కన కానూరులో 150 గజాల స్థలం. జీ ప్లస్ వన్ (కింద ఒక ఫ్లోరు, పైన ఒకటి), ఫ్లోరుకు 950 ఎస్ఎఫ్‌టీ (చదరపు అడుగులు) చొప్పున మెటీరియల్‌తో సహా కాంట్రాక్టు ఇద్దామనుకుంటున్నాం. ముగ్గురు రేట్లు చెప్పారు: ఎస్ఎఫ్‌టీకి 1,750, 2,050, 2,150. తక్కువ చెప్పినాయన 8 లక్షలు అడ్వాన్సు అడుగుతున్నారు, అదీ క్యాష్‌గా. శ్రావణం దాటితే సిమెంటు, ఐరన్ రేట్లు పెరుగుతాయని తొందరపెడుతున్నారు. ముగ్గురూ తాము కట్టిన ఇళ్లు చూపించారు. అన్నీ బాగానే కనిపిస్తున్నాయి. సివిల్ పని తెలియనివాళ్లం ఏం చూడాలి, ఎవరిని ఏం అడగాలి?

నల్లరేగడి:
పూర్తయిన ఇల్లు చూస్తే పెయింటరు పనితనమే తెలుస్తుందండీ, కాంట్రాక్టరుది కాదు. ప్లాస్టరింగ్ పడిందంటే లోపలి తప్పులన్నీ కప్పుకుపోతాయి. ముగ్గురినీ ఒక్కటే అడగండి: శ్లాబ్ పడి, ఇంకా ప్లాస్టరింగ్ కాని సైటు చూపించమనండి. ఆ ఇంటి ఓనరుతో మాట్లాడుకుని, కాంట్రాక్టరుకు చెప్పి ఒకసారి, చెప్పకుండా ఇంకోసారి వెళ్లండి. రెండోసారి మధ్యాహ్నం 2 గంటలకు వెళ్లడం మంచిది.

ముందు శ్లాబ్ కింద నిలబడి పైకి చూడండి. రాడ్లు గీతలు గీతలుగా బయటికి కనిపిస్తుంటే కవర్ బ్లాకులు (రాడ్లను కింది పలకకు తగలకుండా ఎత్తి పట్టే చిన్న దిమ్మలు) పెట్టలేదన్నమాట. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం రాడ్డుకూ కాంక్రీటు అంచుకూ మధ్య శ్లాబులో కనీసం 20 మిల్లీమీటర్లు, పిల్లరులో 40, ఫుటింగులో (పిల్లరు కింద పునాది దిమ్మలో) 50 ఉండాలి. అది లేకపోతే తేమ తగిలి రాడ్డు తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన రాడ్డు ఉబ్బి కొన్నేళ్లకు పెచ్చులు ఊడదీస్తుంది. కవర్ బ్లాకుల బదులు కంకర రాళ్లు పెట్టే మేస్త్రీలున్నారు. వైబ్రేటర్ (కాంక్రీటును అదిరించి సర్దే యంత్రం) పెట్టగానే అవి జారిపోతాయి.

తర్వాత పిల్లర్ల అడుగు భాగం, బీము పిల్లరు కలిసే చోటు చూడండి. కంకర విడిగా తేలి, మధ్యలో గుంటలుంటే వైబ్రేటర్ సరిగ్గా వాడలేదు, లేదా సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కట్టే అచ్చు) సందుల్లోంచి సిమెంటు పాలు కారిపోయాయి. ఆ గుంటలను సిమెంటు పూసి మూసేసి ఉంటే ఇంకా అనుమానించాలి. దాన్ని ఇంజినీరుకు చూపించి బాగుచేయించాడా, గుట్టుగా పూసేశాడా అన్నదే అసలు ప్రశ్న. తప్పు ప్రతి సైటులోనూ జరుగుతుంది, దాచేవాడితోనే ప్రమాదం.

కాంక్రీటు పోయని పిల్లరు ఉంటే నిలువు రాడ్ల చుట్టూ కట్టే రింగుల కొక్కేలు చూడండి. కొస 135 డిగ్రీలకు వంగి పిల్లరు లోపలికి గుచ్చుకుని ఉండాలి. చాలామంది 90 డిగ్రీలకే వంచి వదిలేస్తారు. భూకంపం వస్తే ఆ రింగు విచ్చుకుని పిల్లరు రాడ్లు బయటికి వంగిపోతాయి. భూకంప ప్రమాణం ఐఎస్ 1893 (2016) మ్యాపులో విజయవాడ జోన్ 3లో ఉంది, కాబట్టి ఇది మనకు చిన్న విషయం కాదు. పిల్లరు రాడ్ల జాయింట్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నా తప్పే. సగం ఒకచోట, సగం వేరేచోట పడాలి.

ఇక క్యూరింగ్, అంటే పోసిన కాంక్రీటును తడిగా ఉంచడం. మధ్యాహ్నం వెళ్లమన్నది ఇందుకే. శ్లాబ్ మీద మడులు కట్టి నీళ్లు నిలిపారా, పిల్లర్లకు చుట్టిన గోనెసంచులు చేతికి తడిగా తగులుతున్నాయా చూడండి. ఇప్పుడు ఎక్కువగా వాడేది పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటు, దానికి కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. మన ఎండలకు 14 రోజులు అడగండి. పొద్దున ఒకసారి పైపుతో కొట్టి వెళ్లిపోతే అది క్యూరింగ్ కాదు.

బిల్లు పుస్తకం:
పైన చెప్పినదంతా నిజమే. కానీ పనితనం ఉన్నా డబ్బు దగ్గర చెడే కాంట్రాక్టర్లు ఎక్కువ. మీ అడ్వాన్సుతో పాత సైటు అప్పు తీర్చి, మీ పనికి తర్వాతి పార్టీ అడ్వాన్సు కోసం చూస్తారు. ఎక్కడో గొలుసు తెగుతుంది, పని శ్లాబ్ దగ్గర ఆగిపోతుంది. దీన్ని పట్టుకోవాలంటే పాత ఓనర్లనే కాదు, సిమెంటు, ఐరన్ ఇచ్చే షాపతన్నీ, సెంట్రింగ్ మేస్త్రీనీ, రాడ్ బెండింగ్ మేస్త్రీనీ అడగాలి. "ఆయన దగ్గర డబ్బులు టైముకు వస్తాయా?" అంటే చాలు. రెండు సైట్లలో సెంట్రింగ్ మేస్త్రీ మారిపోయి ఉంటే కారణం కనుక్కోండి. ఒకేసారి ఎన్ని సైట్లు నడుపుతున్నాడో, సైటులో రోజంతా ఉండే సూపర్‌వైజరు ఎవరో కూడా తేల్చుకోండి.

మీకు 1,750 చెప్పినాయన లెక్క: 1,900 ఎస్ఎఫ్‌టీకి 33.25 లక్షలు. పార కూడా పడకముందే 8 లక్షలంటే దాదాపు నాలుగో వంతు. అంత ఇవ్వకండి. పైగా ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఒకే పనికి 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. క్యాషే కావాలంటున్నాడంటే రేపు గొడవ వచ్చినప్పుడు మీ దగ్గర రుజువు ఉండదు. అడ్వాన్సు 5 శాతం, పునాది నుంచి ప్లింత్ బీము (గోడల కింద వచ్చే బీము) దాకా 15, కింది శ్లాబ్ 20, పై శ్లాబ్ 20, గోడలు 10, ప్లాస్టరింగ్ 10, ఫ్లోరింగ్, తలుపులు 10, పెయింటింగ్ 5. చివరి 5 శాతం ఒక వానాకాలం గడిచాక. ఏ దశలోనైనా డబ్బు పని వెనక నడవాలి, ముందు నడవకూడదు. అన్నీ బ్యాంకు ద్వారానే.

రేటు ఎంత అన్నదానికన్నా దేనికి రేటు అన్నది ముందు అడగండి. బాల్కనీ, పోర్టికో, మెట్ల హెడ్‌రూమ్, సన్‌షేడ్, సంపు అన్నీ కొలతలో కలిపితే మీ 1,900 కాస్తా 2,250 అవుతుంది. 1,750 చొప్పున 39.37 లక్షలు. 2,050 చెప్పినాయన మీ 1,900కే లెక్కగడితే 38.95 లక్షలు. చౌక అనుకున్నదే ఖరీదు! బోరు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు, బేస్‌మెంట్ ఫిల్లింగ్, గ్రిల్స్, కరెంటు మీటరు ఎవరి ఖాతాలోకి వస్తాయో ఒక్కొక్కటి రాయించండి. "బ్రాండెడ్ మెటీరియల్" అన్న మాట అగ్రిమెంటులో ఉంటే కొట్టేయించి సిమెంటు కంపెనీ, ఐరన్ గ్రేడు, వైరు కంపెనీ, టైల్ ఎస్ఎఫ్‌టీ ధర పేర్లతో సహా రాయమనండి. అక్కడ నసిగితే మీకు కావలసిన జవాబు దొరికినట్టే.

క్యూబ్ టెస్ట్:
రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉందని ఎవరైనా చెబితే దాన్ని బట్టి నమ్మకండి. రెరా అమ్మకానికి కట్టే ప్రాజెక్టులకు: 500 చదరపు మీటర్లు దాటిన స్థలం, లేదా 8 ఫ్లాట్లకు మించితే. మన స్థలంలో మన ఇల్లు కట్టే కాంట్రాక్టుకు అది వర్తించదు. మీకు పనికొచ్చేది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. ఇంటి నిర్మాణం కూడా అందులో సేవే. మీరు చెల్లించినది 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్, రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి. అగ్రిమెంటు, బ్యాంకు చెల్లింపులు లేకుండా అక్కడికి వెళ్లి చెప్పుకునేది ఏమీ ఉండదు.

ఎదురుగా కూర్చోబెట్టి అడగడానికి మూడు ప్రశ్నలు.

పునాది ఎంత లోతు? "అయిదడుగులు చాలు సార్" అని వెంటనే చెప్పేవాడికన్నా "సాయిల్ టెస్టు రిపోర్టు చూసి మీ ఇంజినీరు చెప్పినంత" అనేవాడు నయం. మన కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాల్లో నల్లరేగడి చాలాచోట్ల ఉంది. వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. తవ్వి తీసిన ఆ మట్టినే బేస్‌మెంటులో నింపితే తర్వాత ఫ్లోరింగ్ పైకి లేచి టైల్స్ పగులుతాయి. గ్రావెల్ గానీ ఇసుక గానీ 6 నుంచి 9 అంగుళాల పొరలుగా వేసి, తడిపి దిమ్మిస పట్టాలి. ఈ మాట అతని నోటి నుంచే రావాలి.

మీ శ్లాబుకు ఎన్ని బస్తాలు? 950 ఎస్ఎఫ్‌టీ, 5 అంగుళాల మందం అంటే సుమారు 11.2 ఘనపు మీటర్లు. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో ఘనపు మీటరుకు 8 బస్తాలు, అంటే బీములు కాకుండానే 90. "అరవై అయిదు సరిపోతాయి" అన్నాడంటే ఎక్కడ మిగుల్చుకుంటాడో తెలిసిపోయింది.

క్యూబులు పోయిస్తావా? పోసే కాంక్రీటుతోనే చేసిన 15 సెంటీమీటర్ల క్యూబులు, 7 రోజులకూ 28 రోజులకూ ల్యాబులో పరీక్ష. మొత్తం ఇంటి ఖర్చులో ఆ ఫీజు లెక్కలోకి రాదు. ఒప్పుకునేవాడు నీళ్లు ఎక్కువ కలపడానికి జంకుతాడు. బస్తాకు 30 లీటర్లు దాటితే ఎం20 (పైన చెప్పిన పాళ్ల కాంక్రీటు గ్రేడు) బలం రాదు.

ఇంకొకటి: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం వైపు అతను అంతకుముందు కట్టిన ఇల్లు ఏదైనా ఉంటే అక్కడికి వెళ్లండి. ఫ్లోరింగ్ కుంగిందా, గోడకూ పిల్లరుకూ మధ్య నిలువు చీలిక వచ్చిందా, బేస్‌మెంట్ పైన చెమ్మ ఎంత ఎత్తుకు పాకింది అన్నవి చూడండి.

తూర్పు గుమ్మం:
చాలా థ్యాంక్సండీ అందరికీ. 2,050 చెప్పినాయన పోరంకిలో తన సైటుకు రమ్మన్నారు, ఎల్లుండి శ్లాబ్ వేస్తారట. క్యాష్ అడిగినాయన నడుస్తున్న సైటు ఇప్పుడేమీ లేదంటున్నారు. శ్లాబ్ రోజు వెళ్లాలా, ముందు రోజా?

నల్లరేగడి:
ముందు రోజు సాయంత్రం వెళ్లండి, శ్లాబ్ రోజు హడావిడిలో ఏమీ చూడనివ్వరు. టేపు తీసుకెళ్లి రాడ్ల మధ్య దూరం డ్రాయింగుతో సరిపోల్చండి. డ్రాయింగు సైటులో ఉందా లేదా అన్నది అంతకంటే ముందు చూడాలి. మిగిలిన 12 మిల్లీమీటర్ల రాడ్డు ఒకటి తూకం వేయించండి: మీటరుకు 0.888 కిలోలు, 12 మీటర్ల నిండు రాడ్డు 10.66 కిలోలు. ఆరు శాతం కన్నా ఎక్కువ తగ్గితే నాసిరకం. బస్తాల మీద తయారీ వారం, నెల చదవండి. మూడు నెలలు దాటిన సిమెంటు వద్దు. సెంట్రింగ్ ఎన్ని రోజులకు విప్పుతారని సెంట్రింగ్ మేస్త్రీనే విడిగా అడగండి. 15 అడుగుల లోపు శ్లాబుకు కనీసం 7 రోజులు, బీముల కింద 14. ఇవి ఓపీసీ (బూడిద కలపని మామూలు సిమెంటు) లెక్కలు, పీపీసీ అయితే ఇంకా ఆగాలి. మేస్త్రీ చెప్పిన రోజులూ కాంట్రాక్టరు చెప్పిన రోజులూ కలుస్తున్నాయో లేదో చూసి ఇక్కడ రాయండి.