మోకాలి ఆపరేషన్ తర్వాత ట్రమడాల్: అమ్మ పగలంతా మత్తులోనే ఉంటోంది

ఖమ్మం అమ్మాయి:
అమ్మకి 68 ఏళ్లు. పోయిన వారం కుడి మోకాలు మార్పిడి ఆపరేషన్ అయింది. ట్రమడాల్ 37.5, పారాసిటమాల్ 325 కలిసిన మాత్ర రోజుకు మూడు రాసిచ్చి పంపారు. నొప్పి తగ్గిన మాట నిజమే. ఫిజియో అబ్బాయి కాలు వంచుతుంటే ఓర్చుకుంటోంది. కానీ మాత్ర వేసుకున్న గంటకే కళ్లు మూతలు పడిపోతున్నాయి. ముద్ద చేతిలో ఉండగానే కునుకు తీస్తోంది. కడుపులో తిప్పుతోందని టిఫిన్ ముట్టట్లేదు. ఇంటికొచ్చినప్పటి నుంచి మోషన్ లేదు, పొట్ట రాయిలా ఉంది. రాత్రి బాత్రూమ్‌కి లేచి తూలింది, వాకర్ చేతిలో ఉండబట్టి పడలేదు.

ఇంకో సంగతి. నిద్ర పట్టట్లేదంటే మా ఊరి ఆర్‌ఎంపీ ఎప్పుడో ఆల్‌ప్రాజోలం 0.25 మొదలుపెట్టాడు, ఇప్పటికీ రోజూ రాత్రి వేసుకుంటుంది. ఆపరేషన్‌కి ముందు ఏ మందులు వాడుతున్నారని అడిగితే బీపీ, షుగర్ మాత్రలు చెప్పింది. నిద్రమాత్రని అమ్మ అసలు మందుల్లో లెక్కెయ్యదు. నొప్పి ఎక్కువైనప్పుడు డోలో 650 కూడా వేసుకుంటోంది. మా బాబాయేమో 'అవి మత్తుమందులు, అలవాటైపోతుంది, ఈరోజే ఆపెయ్' అంటున్నాడు. ఆపితే నొప్పికి ఏడుస్తుంది. ఏం చెయ్యమంటారు?

పాలియేటివ్ నర్సు (పెద్ద జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే విభాగం):
చెల్లీ, మిగతావన్నీ తర్వాత. ముందు ఆల్‌ప్రాజోలం సంగతి సర్జన్‌కి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. ట్రమడాల్ ఓపియాయిడ్, అంటే నల్లమందు లాగా పనిచేసే నొప్పి మందు. అది మెదడులో ఊపిరిని నడిపే చోటును నెమ్మదింపజేస్తుంది. నిద్రమాత్రా అదే పని చేస్తుంది. రెండూ ఒకే రాత్రి కలిస్తే మనిషి నిద్రలోనే ఊపిరి తీసుకోవడం తగ్గించేయొచ్చు. అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2016లో ఈ రెండు రకాల మందులు కలవడం మీద తన అతి తీవ్రమైన హెచ్చరికను లేబుళ్ల మీదికి ఎక్కించింది. అలాగని ఏళ్ల తరబడి వేసుకుంటున్న ఆల్‌ప్రాజోలంని నువ్వే ఠక్కున ఆపొద్దు, ఫిట్స్ రావచ్చు. ఏది తగ్గించాలో, ఎంత తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

ఆ మాట వచ్చేదాకా రాత్రి అమ్మ పక్కనే పడుకో. నిద్రలో ఉండగా గడియారం పెట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టు. పెద్దవాళ్లలో 12 నుంచి 20 మధ్య ఉంటుంది. పదికి లోపలికి వచ్చినా, పేరు పెట్టి పిలిచి భుజం కుదిపినా లేవకపోయినా, గురక కొత్తగా గరగరమంటూ మధ్యలో ఆగిపోతున్నా, పెదాలు నల్లబడినా ఆలోచించకుండా 108కి చెయ్యి. ట్రమడాల్ ఇస్తున్నామని, నిద్రమాత్ర కూడా ఉందని వాళ్లకి చెప్పు. ఓపియాయిడ్ పనిని వెనక్కి తిప్పే నాలోక్సోన్ ఇంజెక్షన్ ఆసుపత్రిలో ఉంటుంది.

వాంతి వచ్చినట్టుండడం, తూగు చాలామందికి కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. మలబద్ధకం మాత్రం మందు వాడినన్నాళ్లూ పోదు. పేగు కదలికనే ఆ మందు నెమ్మదింపజేస్తుంది. అరటిపండు, ఇసబ్‌గోల్ పెట్టి కూర్చుంటే లాభం లేదు. నీళ్లు సరిగా తాగని మనిషికి ఇసబ్‌గోల్ లోపల ఇంకా గట్టిపడుతుంది. విరేచనం మందు ఏది వెయ్యాలో అదే ఫోన్‌లో అడుగు. పొట్ట ఉబ్బి వాంతులు కూడా అవుతుంటే ఫోన్‌తో సరిపెట్టకుండా తీసుకెళ్లు.

డోలో సంగతి: డోలో అంటే పారాసిటమాలే. ట్రమడాల్ మాత్రలో అది ఇప్పటికే ఉంది. ఆ మాత్రలు మూడు, డోలోలు మూడు అయితే పారాసిటమాల్ రోజుకు 2,900 మిల్లీగ్రాములు దాటుతుంది. ఈ వయసులో అంతకు మించనివ్వకు.

నాన్న కొడుకు:
మీ బాబాయి భయం నాకు అర్థమవుతుంది, కానీ ఆ భయంతోనే మా ఇంట్లో నాన్న చాలా బాధపడ్డారు. ఆయనకి క్యాన్సర్. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం వాళ్లు మార్ఫిన్ మాత్రలు (ఇదీ ఓపియాయిడే) రాస్తే, అవి చివరి రోజుల మందని చుట్టాలు వెయ్యనివ్వలేదు. వేసుకున్నాక లేచి కూర్చుని మనవడితో మాట్లాడారు. మత్తుమందుల్ని నియంత్రించే 1985 ఎన్‌డీపీఎస్ చట్టాన్ని 2014లో సవరించింది కూడా నొప్పితో ఉన్నవాళ్లకి ఈ మందులు అందాలనే. మందు తప్పు కాదండీ. చూసుకునే మనిషి ఉండాలి, డోసు సరిగ్గా ఉండాలి. నాన్నకి కిడ్నీలు దెబ్బతిన్నప్పుడు చేతులు కాళ్లు ఉలిక్కిపడేవి. మార్ఫిన్ నుంచి పుట్టే పదార్థాలు ఒంట్లో పేరుకుంటున్నాయని డాక్టరుగారు మందు మార్చారు. మీ అమ్మగారికి షుగర్ ఉందన్నారు, దాంతో కిడ్నీలు దెబ్బతినొచ్చు కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతుందో ఒకసారి అడగండి.

మెడికల్ షాపు, వరంగల్:
అక్కా, ట్రమడాల్‌ని 2018లో ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు. చీటీ లేకుండా మేం ఇవ్వం. అయినా పాత స్ట్రిప్ పట్టుకుని 'పక్కింటాయనకి పనిచేసింది, నడుము నొప్పికి ఒకటియ్యి' అనేటోళ్లు వస్తనే ఉంటరు. ఫిట్స్ ఉన్నవాళ్లకి ఇది ఫిట్స్ తెప్పియ్యొచ్చు. 12 ఏళ్లలోపు పిల్లలకి అసలే వద్దు. అమ్మ మాత్రలు ఇంట్ల ఎవ్వరికీ ఇయ్యకు, పిల్లల చేతికందే తావుల పెట్టకు.

ఖమ్మం అమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్. నర్సు అక్కా, నీ మాట చదివిన వెంటనే ఫోన్ చేశాను. సర్జన్ గారు ట్రమడాల్ పొద్దున ఫిజియోకి ముందు ఒక్కటే ఉంచారు. మిగతా పూటలకి వేళ ప్రకారం ఉత్త పారాసిటమాల్, విరేచనానికి రాత్రి లాక్టులోజ్ సిరప్. ఆల్‌ప్రాజోలంని మెల్లగా తగ్గించడానికి సైకియాట్రిస్టుకి రాసిచ్చారు. రాత్రి ఊపిరి లెక్కపెట్టాను, 14 వచ్చింది. ఈరోజు మోషన్ అయింది, ఇడ్లీ తిన్నది. బాబాయి ఇంకా ఒప్పుకోలేదు, ఆయనకి ఇవన్నీ చదివి వినిపిస్తా. మిగిలిపోయే మాత్రలు ఏం చెయ్యాలి?

మెడికల్ షాపు, వరంగల్:
స్ట్రిప్‌లోంచి తీసి, వాడేసిన తడి టీపొడిల కలిపి, కవర్ల గట్టిగ మూట కట్టి చెత్తబండికి ఇయ్యి. మళ్ల పనికొస్తయని దాచకు.